తెలిసిన మాటే మోసం చేస్తుంది: సందర్భాన్ని బట్టి ఇంగ్లీషు పదాల అర్థం పట్టుకోవడం ఎలా?

ఇంగ్లీషు చదువుతున్నప్పుడు తెలియని పదం ఎదురైతే పెద్ద ప్రమాదమేమీ లేదు. అక్కడ ఆగుతాం, నిఘంటువు తీస్తాం, లేదా ఎవరినైనా అడుగుతాం. అసలు చిక్కంతా తెలుసనుకున్న పదాలతోనే. బడిలో నేర్చుకున్న ఒకే ఒక్క అర్థాన్ని పట్టుకుని ముందుకు సాగిపోతాం. వాక్యం పొసగకపోతే ఇంగ్లీషు కష్టమని నిట్టూరుస్తాం. కింది మూడు వాక్యాలు చూడండి.

'ది బోర్డ్ షెల్వ్‌డ్ ది ప్రాజెక్ట్ లాస్ట్ ఇయర్. ఫండ్స్ హాడ్ డ్రైడ్ అప్, అండ్ ఫ్యూ మెంబర్స్ వర్ సారీ టు సీ ఇట్ గో. నౌ ది న్యూ చైర్ వాంట్స్ టు రివైవ్ ఇట్.'

బోర్డు, షెల్ఫు, చైరు ఎవరికి తెలియవు? అయినా బడి అర్థాలతో చదివితే నల్లబల్ల ఏదో అరలు సర్దుతుంది, డబ్బు ఎండలో ఆరుతుంది, కొత్త కుర్చీకి కోరికలు పుడతాయి. నిజానికి ఆ వాక్యాలు చెబుతున్నది ఇది: పాలక మండలి నిరుడు ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేసింది. అప్పటికే నిధులు రావడం ఆగిపోయింది. ప్రాజెక్టు పోయిందని బాధపడిన సభ్యులు దాదాపు ఎవరూ లేరు. ఇప్పుడు మండలికి కొత్తగా అధ్యక్షత వహిస్తున్నవారు దాన్ని మళ్లీ బతికించాలనుకుంటున్నారు.

మొదటి చదువు నుంచి రెండో చదువుకు చేరడం ఎలాగో వరుసగా చూద్దాం. ముందుగా ఒక ధైర్యం: ఈ పని మీకు కొత్త కాదు. వాన పడింది, జీతం పడింది, కేసు పడింది, పేరు పడింది, మనసు పడ్డాడు, తిట్లు పడ్డాయి. ఈ 'పడు' కోసం తెలుగువారెవరూ నిఘంటువు తెరవరు. పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది. పదం సంగతి దాని సావాసాన్ని బట్టే తెలుస్తుందని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో అన్నది కూడా ఇదే. తెలుగులో అలవోకగా చేసే పనిని ఇంగ్లీషులో కొంతకాలం కావాలని, ఆగి ఆగి చేయాలి.

అర్థాలన్నీ ముందే బట్టీ పడితే పోదా అంటారేమో. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ సంపాదకులు 'రన్' అనే ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

మొదటి పని: తెలిసిన పదాన్ని అనుమానించడం

వాక్యంలో పదాలన్నీ తెలిసినవే అయినా మొత్తం అర్థం వింతగా ఉంటే, వాటిలో ఏదో ఒకటి మీకు తెలియని అర్థంలో వచ్చిందన్నమాట. అప్పుడు తప్పు వాక్యంలో వెతక్కండి. అన్నిటికన్నా మామూలుగా కనిపిస్తున్న పదం మీద చూపు పెట్టండి.

తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వందల ఇంగ్లీషు పదాలు ఇప్పటికే తెలుగులో స్థిరపడ్డాయి. అయితే చాలావరకు ఒకటి రెండు అర్థాలతోనే వచ్చాయి, మిగతా అర్థాలు అక్కడే ఉండిపోయాయి. లోను శాంక్షన్ అయిందంటే మంజూరైందని మనకు తెలుసు. అదే పదం అంతర్జాతీయ వార్తల్లో 'సాంక్షన్స్' అని బహువచనంలో వస్తే ఆంక్షలు. ఇంచుమించు వ్యతిరేకార్థం! ఒక దేశం మీద సాంక్షన్స్ విధించారన్న వార్త చదివి, ఆ దేశానికి ఏదో మంజూరైందనుకుంటే కథంతా తలకిందులవుతుంది.

'చార్జ్' కూడా అంతే. ఫోనుకు పెట్టేది, ప్రయాణానికి కట్టేది మనకు తెలుసు. కోర్టు వార్తలో అది నేరారోపణ, అడవి జంతువు కథలో మీదికి దూసుకురావడం. 'ఇంటరెస్ట్' బ్యాంకులో వడ్డీ, మాటల్లో ఆసక్తి, న్యాయసంబంధమైన రాతల్లో స్వప్రయోజనం. 'పార్టీ' అంటే విందు, రాజకీయ పక్షం అనే మనకు గుర్తొస్తాయి, కానీ ఒప్పంద పత్రంలో సంతకం చేసే ప్రతి పక్షమూ ఒక పార్టీయే. 'టెన్షన్' మనకు కంగారు. భౌతికశాస్త్రంలో తీగను లాగి ఉంచే బలం, రెండు దేశాల మధ్య అయితే ఉద్రిక్తత. ఇలా తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు పదం ఇంగ్లీషు వాక్యంలో కనిపించినప్పుడల్లా ఒక్క క్షణం ఆగడం మంచి అలవాటు.

రెండో పని: వాక్యంలో ఆ పదం ఉద్యోగం ఏమిటో చూడడం

అర్థం కన్నా ముందు తేల్చుకోవలసింది ఆ పదం నామవాచకమా, క్రియా, విశేషణమా అన్నది. 'షెల్ఫ్' అంటే అర. మన వాక్యంలో 'షెల్వ్‌డ్' ఉన్నది 'ది బోర్డ్'కూ 'ది ప్రాజెక్ట్'కూ మధ్య, చివర భూతకాలపు గుర్తుతో. అంటే అది ఎవరో దేన్నో చేసిన పని. ఈ ఒక్క పరిశీలనతో సగం తప్పు అర్థాలు రాలిపోతాయి.

ఇంగ్లీషులో దాదాపు ఏ నామవాచకమైనా వేషం మార్చకుండానే క్రియ కాగలదు. 'బుక్' పుస్తకమూ అవుతుంది, ముందుగా సీటు ఖాయం చేసుకోవడమూ అవుతుంది. 'హెడ్' తల, అలాగే ఒక సంస్థకు నాయకత్వం వహించడం. భాషావేత్తలు సరదాగా చూపించే వాక్యం ఒకటుంది: 'ది ఓల్డ్ మ్యాన్ ది బోట్'. ముసలివాడు, పడవ అంటూ చదివితే వాక్యం తెగిపోయినట్టు అనిపిస్తుంది. ఇక్కడ 'ది ఓల్డ్' అంటే వృద్ధులు, 'మ్యాన్' క్రియ. పడవలో పనిచేసేది వృద్ధులేనని అర్థం. నిత్యజీవితంలో ఇలా ఎవరూ రాయరు కానీ కసరత్తుగా మంచిది.

వినేటప్పుడు ఒక అదనపు ఆధారం దొరుకుతుంది. 'రికార్డ్', 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' వంటి పదాల్లో మొదటి భాగాన్ని ఒత్తి పలికితే సాధారణంగా నామవాచకం, రెండో భాగాన్ని ఒత్తితే క్రియ.

మూడో పని: క్రియ దగ్గర తీర్పు చెప్పకుండా ఆగడం

తెలుగువారికి నేను ఒకే ఒక్క సలహా ఇవ్వవలసి వస్తే ఇదే ఇస్తాను.

తెలుగు వాక్యంలో క్రియ మామూలుగా చివర వస్తుంది. 'ఆమె కారు నడుపుతోంది', 'ఆమె బడి నడుపుతోంది'. 'నడుపు' దగ్గరికి వచ్చేసరికి దేన్ని నడుపుతోందో ముందే తెలిసిపోయి ఉంటుంది కాబట్టి క్రియ చదవగానే అర్థం ఖాయం చేసుకోవడం మనకు అలవాటు. ఇంగ్లీషులో వరుస తిరగబడుతుంది. 'షి రన్స్' అని చదివేసరికి ఇంకా ఏమీ తేలలేదు. తర్వాత 'ఎ మైల్' వస్తే పరుగు, 'ఎ స్కూల్' వస్తే నిర్వహణ, 'ఎ టెస్ట్' వస్తే పరీక్ష జరపడం, 'ఫర్ ఆఫీస్' వస్తే ఎన్నికల్లో పోటీ. మనమేమో 'రన్స్' దగ్గరే ఆమెను పరుగెత్తించేసి, తర్వాత వచ్చిన బడిని ఏం చేయాలో తెలియక తికమకపడతాం.

అందుచేత కర్మ వచ్చేదాకా ఆగండి. అది వచ్చాక కూడా 'అప్', 'ఆఫ్', 'అవుట్', 'డౌన్' లాంటి చిన్న ముక్క వెంట వస్తుందేమో చూడండి. ఆ ముక్క క్రియ పక్కనే ఉంటుందన్న హామీ లేదు. 'షి టర్న్‌డ్ ది జాబ్ ఇన్ హర్ అంకుల్స్ ఆఫీస్ డౌన్' అన్న వాక్యంలో ఆమె ఉద్యోగాన్ని కాదన్నదని చివరి మాట వచ్చేదాకా తెలియదు.

ఈ జంటపదాలకు పక్కన ఒక్కో తెలుగు అర్థం రాసిన పట్టికలు పుస్తకాల్లో బోలెడు కనిపిస్తాయి. వాటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఎందుకంటే జంటపదానికి కూడా ఒకే అర్థం ఉండదు. 'టర్న్ డౌన్' పక్కన 'వాల్యూమ్' ఉంటే తగ్గించడం, 'ఆఫర్' ఉంటే తిరస్కరించడం. 'టేక్ ఆఫ్' విమానం చేస్తే గాలిలోకి లేవడం, వ్యాపారం చేస్తే పుంజుకోవడం, మనిషి బూట్లను చేస్తే విప్పడం. 'మేక్ అప్' పక్కన 'స్టోరీ' ఉంటే కల్పించి చెప్పడం, 'మైండ్' ఉంటే నిశ్చయించుకోవడం, గొడవపడిన ఇద్దరు మిత్రులు చేస్తే రాజీపడడం. కర్త ఎవరు, కర్మ ఏది అన్నవే తీర్పు చెబుతాయి. మన ఉదాహరణలో 'డ్రైడ్ అప్'కు కర్త 'ఫండ్స్' అయినప్పుడే ఎండ సంగతి మరిచిపోవాలి.

నాలుగో పని: చిన్న మాటలను వదిలేయకపోవడం

తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు. అందుకే కన్ను వాటి మీదుగా జారిపోతుంది. కానీ 'ఫ్యూ మెంబర్స్' అంటే దాదాపు ఎవరూ లేరని, 'ఎ ఫ్యూ మెంబర్స్' అంటే కొందరున్నారని. ఒక్క అక్షరం పడితే ఆ మండలి సభ్యుల మనసే మారిపోతుంది. 'లిటిల్ హోప్', 'ఎ లిటిల్ హోప్' మధ్య ఉన్నదీ ఇదే తేడా. మొదటిది నిరాశ, రెండోది కొంచెం ఆశ.

ఉత్త 'గ్లాస్' గాజు, 'ఎ గ్లాస్' తాగే గ్లాసు. ఉత్త 'పేపర్' కాగితం, 'ఎ పేపర్' అయితే వార్తాపత్రికో, పరిశోధనా వ్యాసమో, ప్రశ్నపత్రమో.

క్రియ వెనక వచ్చే రూపం కూడా ఇలాంటిదే. 'హి స్టాప్డ్ స్మోకింగ్' అంటే సిగరెట్లు మానేశాడు. 'హి స్టాప్డ్ టు స్మోక్' అంటే సిగరెట్ కాల్చడానికి ఆగాడు. 'యూజ్డ్ టు లివ్ అలోన్' ఒకప్పటి సంగతి, 'ఈజ్ యూజ్డ్ టు లివింగ్ అలోన్' ఇప్పటికి అలవాటైపోయిన సంగతి.

ఐదో పని: ఇరుగుపొరుగును సాక్ష్యం అడగడం

వాక్యంలోని అనుసంధాన పదాలు దారి చూపిస్తాయి. 'బట్', 'ఆల్దో', 'అన్‌లైక్' కనిపిస్తే రెండు వైపులా ఎదురెదురు భావాలుంటాయి. 'అన్‌లైక్ హిజ్ గారులస్ బ్రదర్, హి సెల్డమ్ స్పోక్' అన్న వాక్యంలో 'గారులస్' ఎప్పుడూ వినకపోయినా ఫరవాలేదు. ఇతడు అరుదుగా మాట్లాడతాడు, అన్న ఇతడిలాంటివాడు కాడు, కాబట్టి ఆ అన్న వాగుడుకాయ. 'బికాజ్', 'సో' వస్తే కారణం, ఫలితం. 'సచ్ యాజ్' వస్తే వెనకాలే ఉదాహరణలు. 'ఆర్' దగ్గర మాత్రం జాగ్రత్త. 'ది లారింక్స్, ఆర్ వాయిస్ బాక్స్' అన్నప్పుడు రెండింటిలో ఒకటి ఎంచుకోమని కాదు, మొదటిదానికే రెండోది మరో పేరని. కామా పక్కన ఉన్న 'ఆర్' తరచూ ఇలా అర్థం విప్పి చెబుతుంది.

విశేషణాలు పక్కనున్న నామవాచకాన్ని బట్టి రంగు మారుస్తాయి. 'హెవీ రెయిన్' భారీ వర్షం. 'హెవీ స్మోకర్' లావుపాటి మనిషి కాదు, సిగరెట్లు విపరీతంగా కాల్చేవాడు. 'హెవీ స్లీపర్' ఒక పట్టాన మెలకువ రానివాడు. 'హెవీ హార్ట్' మాత్రం మన బరువెక్కిన గుండెకు సరిగ్గా సరిపోతుంది.

కొన్నిసార్లు సాక్ష్యం చాలదు. 'షి వాజ్ లివిడ్ వెన్ షి సా ది బిల్' అని ఉందనుకోండి. బిల్లు చూసి ఆమె ఆశ్చర్యపోయిందా, భయపడిందా, కోప్పడిందా? ఈ ఒక్క వాక్యంతో తేలదు. తర్వాతి వాక్యంలో ఆమె అరిచిందో, నవ్విందో చూడాలి. అసలు అర్థం తీవ్రమైన కోపమే, కానీ ఇక్కడే ఊహించి ముందుకు పోవడం జూదం.

పదాన్ని ముక్కలు చేసి అర్థం లాగడాన్ని నేను చివరి ఆధారంగానే వాడమంటాను. 'అన్‌హ్యాపీ' లాంటి వాటికి అది పనిచేస్తుంది. 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనంత విలువైనది. 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉన్న డబ్బా పక్కన అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది. 'హార్డ్‌లీ'కి కష్టంతో సంబంధం లేదు, దానర్థం దాదాపు లేదని.

ఆరో పని: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ స్వరంతో?

వాక్యం బయట కూడా సందర్భం ఉంటుంది. మాటల్లో 'థియరీ' అంటే ఒక ఊహ. విజ్ఞానశాస్త్రంలో అది ఆధారాలతో నిలబడిన సిద్ధాంతం. పరీక్ష ఫలితం 'పాజిటివ్' అని వైద్యుడు చెబితే చాలాసార్లు సంతోషించే విషయం కాదు. 'కన్సిడరేషన్' మామూలుగా ఆలోచన, ఒప్పంద చట్టంలో ప్రతిఫలం.

దేశాన్ని బట్టి కూడా మారుతుంది. ఒక తీర్మానాన్ని 'టేబుల్' చేశారంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టారని, అమెరికాలో చర్చను వాయిదా వేశారని. పాత రాతల్లో అర్థాలు మరీ తిరగబడతాయి. బ్రిటన్ పాస్‌పోర్టులో కనిపించే 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' అన్న మాటల్లోని 'లెట్' అనుమతి కాదు, అడ్డంకి. ఒకప్పటి ఆ అర్థం చట్టభాషలో అలాగే నిలిచిపోయింది.

స్వరం గురించి తెలుగువారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. చచ్చాడు, చనిపోయాడు, కాలం చేశారు, మూడూ ఒకే సంగతి, కానీ ఒకటి వాడవలసిన చోట మరొకటి వాడం. 'ఫేమస్', 'నొటోరియస్' రెండూ అందరికీ తెలిసినవాళ్ల గురించే, రెండోది చెడ్డపేరు. 'చైల్డ్‌లైక్' పసితనపు నిర్మలత్వం, 'చైల్డిష్' పెద్దవాళ్ల పిల్లచేష్ట. కప్పు పగలగొట్టిన మనిషితో 'దట్ వాజ్ క్లెవర్' అంటే అది మెచ్చుకోలు కాదు.

ఏడో పని: ఊహించి, పెట్టి చూసి, అప్పుడు నిఘంటువు తెరవడం

ఆధారాలు పోగయ్యాక మీ ఊహను తెలుగులో చెప్పుకోండి. ఒకే పదంలో కుదరాలన్న పట్టుదల వద్దు, 'ఏదో ఆపేయడం లాంటిది' అన్నా చాలు. తర్వాత ఆ ఊహను వాక్యంలో పెట్టి, ముందూ వెనకా ఉన్న వాక్యాలతో కలిపి చదవండి. 'షెల్వ్‌డ్'కు 'అరలో దాచింది', 'పూర్తి చేసింది', 'పక్కన పెట్టింది' అన్న మూడు ఊహలు వచ్చాయనుకుందాం. మూడో వాక్యంలో దాన్ని 'రివైవ్' చేయాలంటున్నారు. ఆగిపోయినదాన్నే కదా బతికించేది? మొదటి రెండూ అక్కడే ఓడిపోతాయి. పక్క వాక్యం దగ్గర నిలబడని ఊహను మొహమాటం లేకుండా వదిలేయాలి.

నిఘంటువు ఇప్పుడు తీయండి, ముందు కాదు. చేతిలో ఊహ ఉంటే పది అర్థాల్లోంచి మీది ఏరుకోవడం తేలిక. లేకపోతే మొదటి అర్థమే చేతికి తగులుతుంది. మొదటి అర్థం అన్ని నిఘంటువుల్లోనూ ఒకలాంటిది కాదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, మెరియమ్ వెబ్‌స్టర్ లాంటివి చారిత్రక వరుసలో పాత అర్థాన్ని ముందు పెడతాయి. భాష నేర్చుకునేవారి కోసం చేసిన నిఘంటువులు సాధారణంగా ఎక్కువ వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు పెడతాయి. మీకు కావలసింది ఈ రెండో రకం. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 తేలిక పదాలతోనే అర్థాలన్నీ వివరించింది. 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు ఒక మెట్టు పైకెళ్లి, పదాన్ని పూర్తి వాక్యంలో పెట్టి మరీ అర్థం చెప్పింది. వాటిలో అర్థం కన్నా ముందు ఉదాహరణ వాక్యం చదవండి. మీ వాక్యానికి దగ్గరి చుట్టం అక్కడ కనిపిస్తే వెతుకులాట ముగిసినట్టే.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చివరి ధ్రువీకరణకు బాగుంటుంది. వరుసగా పేర్చిన తెలుగు పదాల్లో ఏది ఎక్కడ నప్పుతుందో అది చాలాసార్లు చెప్పదు. ఫోనులో అనువాద సదుపాయం వాడేటట్లయితే ఒంటరి పదాన్ని కాక వాక్యం మొత్తాన్ని ఇవ్వండి. ఒంటరి పదమిస్తే యంత్రమూ మనలాగే బడి అర్థం చెబుతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలోని పదాల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలని న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ తదితరుల పరిశోధనలు తేల్చాయి. అంటే యాభై పదాలకు ఒకటి మాత్రమే కొత్తది. వార్తలూ నవలలూ ఆ స్థాయిలో చదవడానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక మూలపదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని 2006లో ఆయన లెక్క వేశారు. వాక్యానికి రెండు మూడు కొత్త పదాలుంటే సాక్షులే అపరిచితులు, ఇక సాక్ష్యం ఎక్కడిది? అలాంటి పుస్తకాన్ని పక్కన పెట్టి తేలికైనది తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అలాగే కథ సాగిపోతుంటే, ఒక చెట్టు పేరో, ఓడలో ఒక భాగం పేరో తెలియకపోయినంత మాత్రాన ఆగనవసరం లేదు. ఆ పదం మళ్లీ వచ్చినా, అది లేక తర్వాతి సంగతి అర్థం కాకపోయినా అప్పుడు చూడవచ్చు.

ఎనిమిదో పని: పదాన్ని కాదు, వాక్యాన్ని రాసుకోవడం

ఎడమవైపు ఇంగ్లీషు పదం, కుడివైపు తెలుగు అర్థం. ఈ రకం నోటుపుస్తకాలే మనకు ఒక పదానికి ఒక అర్థమన్న జబ్బును అంటించాయి. దానికి బదులు పేజీకి ఒక పదం పెట్టుకోండి. చదివిన వాక్యాన్ని యథాతథంగా దించి, కింద ఆ వాక్యానికి మాత్రమే సరిపోయే తెలుగు రాయండి. మిగతా పేజీ ఖాళీగా వదిలేయండి. ఉదాహరణకు 'ఇష్యూ' పేజీలో మొదట 'ది మెయిన్ ఇష్యూ ఈజ్ మనీ' చేరి, కింద 'సమస్య' అని ఉంటుంది. కొన్నాళ్లకు ఒక పత్రిక మీద 'ది మార్చ్ ఇష్యూ' కనిపిస్తే 'సంచిక' చేరుతుంది. నోటీసులో 'ఇష్యూడ్ బై' కనిపిస్తే 'జారీ చేసినవారు'. ఏదైనా పాత వీలునామాలో 'డైడ్ వితౌట్ ఇష్యూ' తగిలితే, సమస్యలేమీ లేకుండా హాయిగా పోయాడనుకోకుండా, 'సంతానం లేకుండా' అని రాసుకుంటారు.